ఆయుధవిద్యలో మొదటి పాఠము

(పట్టణ పఠనమందిర వార్షిక సభయందు మేము చేసిన ప్రసంగ పాఠము)



ఈ పఠనమందిరపు కార్యదర్శిగారు మమ్ము ఆహ్వానింప వచ్చినప్పుడు, ఏ విషయమును గుఱించి ప్రసంగింతురని యడిగిరి. పిస్తోలు పేల్చుట నేర్చుకొనుటను గుఱించి యని చెప్పితిమి. ఆయన ఒక నిమిషము మా ముఖమువంక చూచి, "పత్రికాఫీసులో అంత అవసరం ఏమొచ్చిందండీ?" అనిరి. సభలో నవ్వుచున్నవారిని చూచుచునే యున్నాము. నవ్వవలసిన విషయమే. ఆఱుపది యేండ్లకు చేరువై, కలము తప్ప వేఱొక సాధన మెఱుగని మేము, చెవులకు కప్పులును, కన్నులకు అద్దములును తగిలించుకొని, హైదరాబాదు నగరపు పొలిమేరనున్న యొక షూటింగు రేంజిలో మూడు దినములు నిలిచియుండుట మాకే వింతగా నుండెను. అయినను వెళ్ళితిమి. ఏల వెళ్ళితిమో, అచ్చట నేమి నేర్చితిమో, తుదకు ఏమి నిశ్చయించుకొంటిమో మీకు విన్నవించుటకే ఈ ప్రసంగము.

మా తండ్రిగారికి .32 రివాల్వరొకటి యుండెడిది. ఊరికి దూరముగా తోటలో కాపురమున్న కాలమున ఆయన దానికి లైసెన్సు పొందిరి. చిన్నతనమున మేము దానిని తాకి యెఱుగము. ఏటికొకమాఱు విజయదశమినాడు మాత్రము పూజాపీఠముపై, కొడవలి ప్రక్కను, నాగటి కఱ్ఱు ప్రక్కను, పసుపు కుంకుమలతో దానిని చూచెడివారము. ఎన్నికలు వచ్చినప్పుడు ఆయన దానిని గుడ్డలో చుట్టి పోలీసు స్టేషనున అప్పగించి రసీదు తెచ్చుకొనుటయు, ఎన్నికలు ముగిసిన పిమ్మట మరల విడిపించుకొని వచ్చుటయు మాకు జ్ఞాపకము. గత సంవత్సరము ఆయన కాలధర్మము నొందిరి. రివాల్వరును లైసెన్సుగల ఆయుధ వ్యాపారికడ భద్రపఱచితిమి. వారసుడు కోరినచో తన పేర లైసెన్సునకు దరఖాస్తు చేసికొనవచ్చును, అక్కఱలేనిచో విడిచిపెట్టవచ్చును. తేల్చుకొనవలసిన భారము జ్యేష్ఠపుత్రులమైన మాపై బడెను.

ఇంటిలో రెండు పక్షము లేర్పడినవి. మా తమ్ముడు, "అన్నయ్యా, నాన్నగారి గుర్తు. పరాయివాళ్ళ పాలు చేస్తామా? ఈ రోజుల్లో ఇంట్లో ఒకటి ఉండడమే మంచిది" అనెను. ఎనుబదియైదేండ్ల మా తల్లిగారు చాలసేపు మాటాడలేదు. తరువాత, "మీ నాన్నగారు ఆ పెట్టె తాళంచెవి మొలతాడుకి కట్టుకుని ముప్పై ఏళ్ళు కంటినిండా నిద్రపోలేదురా. దొంగ ఒక్కనాడూ రాలేదు. నిద్రా రాలేదు" అనిరి. ఏడేండ్ల మా మనుమడు ఈ సంభాషణమంతయు వినుచునే యుండెను. వాని ప్రశ్న ఒక్కటే: "తాతయ్యా, ముత్తాత తుపాకి ఎప్పుడు తెస్తావు?"

క్రొత్తగా లైసెన్సు గోరువాడు ఆయుధములను భద్రముగా వాడు విధమును నేర్చి ధ్రువపత్రము చూపవలెనని 2016 నాటి ఆయుధ నియమములు చెప్పుచున్నవి. ఆయుధపు నిర్మాణము, దానిని పట్టుకొను విధము, పేల్చు పద్ధతి, శుభ్రపఱచుట, దాచుట, ఒకచోటినుండి యొకచోటికి తీసికొని పోవుట, ఇవన్నియు ఆ పాఠక్రమములో చేరియున్నవి. ధ్రువపత్రముకొఱకే వెళ్ళుచున్నామని ఇంటిలో చెప్పితిమి. అది సగము సత్యము. తక్కిన సగము గర్వము. ఆ గర్వమునకు వెనుక ఒక చరిత్ర యున్నది గనుక దానిని ముందుగా చెప్పవలెను.

1878వ సంవత్సరము మన పత్రికలవారు మఱవరాని సంవత్సరము. లిట్టను ప్రభువు వైస్రాయిగా నున్న ఆ యేటనే దేశభాషా పత్రికల నోరుగట్టు శాసన మొకటి వచ్చెను. ఆ యేటనే దేశప్రజల చేతినుండి ఆయుధమును తొలగించు శాసనమును వచ్చెను. లైసెన్సు లేనిదే భారతీయుడు తుపాకి పట్టరాదు. తెల్లవారికి మాత్రము మినహాయింపు. నోటికి వేసిన ముడి రిప్పను ప్రభువు కాలముననే విడిపోయెను. చేతికి వేసిన ముడి స్వరాజ్యము వచ్చిన తరువాత గూడ పండ్రెండేండ్లు నిలిచి, 1959 నాటి క్రొత్త చట్టముతో గాని మాఱలేదు. మన మన్యమున అల్లూరి సీతారామరాజు 1922 ఆగస్టు 22, 23, 24 తేదులలో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు ఠాణాలపై వరుసగా పడుట దేనికొఱకు? తుపాకులకొఱకు. ప్రజల చేతిలో లేనివి ఠాణా గదులలో బీగములు వేసియుండెను.

అహింసాదీక్షితుడైన గాంధీమహాత్ముడు 1930 జనవరిలో ప్రకటించిన పదునొకండు కోరికలలో ఆత్మరక్షణకై తుపాకి లైసెన్సు లొసగవలెననునదియు నొకటి. మఱుసటి యేట కరాచీ కాంగ్రెసు ప్రాథమిక హక్కుల తీర్మానములో పౌరుడు ఆయుధము ధరించు హక్కు చేరినది. ఇది యంతయు మేము కంఠస్థము చేసిన కథ. ఆయుధము లేనివాడు సగము మనిషి యనియు, పరప్రభుత్వము మనలను పిఱికివారిని చేసిపోయెననియు చిన్ననాట వినిన మాటలు మా చెవులలో నింకను మ్రోగుచుండగా, ఆ రేంజి గడప త్రొక్కితిమి.

మొదటి దినమున మాకు పిస్తోలు చూపనే లేదు. ఒక గది, పది కుర్చీలు, నల్లబల్ల. మా తోడి విద్యార్థులలో ఒక నగల వర్తకుడు, ఒక బ్యాంకు కావలి యుద్యోగము గోరు యువకుడు, కళాశాలలో చదువుచున్న బాలిక, ఇద్దఱు మిత్రులు ఉండిరి. శిక్షకురాలు మా కుమార్తెకంటెను చిన్నది. రాష్ట్రస్థాయి పోటీలలో పాల్గొన్న పిల్ల యని తెలిసినది. ఆమె బల్లపై నాలుగు వాక్యములు వ్రాసినది. ప్రతి తుపాకియు తూటా నిండియున్నదిగానే యెంచవలెను. నాశము చేయదలపని దానివైపు గొట్టము మఱలింపరాదు. గురి కుదిరి పేల్చుటకు నిశ్చయించుకొనువఱకు వ్రేలు ట్రిగ్గరుపై పెట్టరాదు. గురి యేదో, గురికి వెనుక నేమున్నదో యెఱుగవలెను.

ఈ నాలుగింటినే ఆమె ఉదయమునుండి మధ్యాహ్నమువఱకు చెప్పినది. నాలుగు సూత్రములును ఒకదానికొకటి కాపలా యని వివరించినది. ఒకటి తప్పినను తక్కిన మూడును నిలిచియున్నచో ఎవ్వరికి గాయము కాదు. రెండు మూడు ఒకేసారి తప్పినప్పుడే ఒక యిల్లు కూలును. ఖాళీగా నున్నదనుకొనిన తుపాకి పేలి మరణించినవారి వార్తలను మేము ఎన్నిమాఱులు అచ్చువేసితిమో! "పొరపాటున" అను మాట ప్రతి వార్తలోను ఉండును. ఆ మాటకు అర్థము ఆ నల్లబల్లముందు తెలిసివచ్చినది. పొరపాటు ఒక్కటి కాదు. వరుసగా జరిగిన మూడు నాలుగు అలక్ష్యములకు మనము పెట్టిన ఒక్క పేరు.

మఱునాడు మా చేతికి .22 పిస్తోలు నిచ్చిరి. మాగజీను తీసివేసి, తూటాగది ఖాళీగా నున్నదని కన్నులకు చూపి, వ్రేలితో తడిమించి, దానిలో రంగు జెండా వంటి చిన్న పుల్ల యొకటి దూర్చియిచ్చిరి. ఆ పుల్ల కనబడుచున్నంతవఱకు ఆయుధము నిద్రించుచున్నదని అందఱికి తెలియును. బరువు మేమనుకొనిన దానికంటె ఎక్కువ. చేయి చాచి నిలిచితిమి. అప్పుడు మా మనస్సున నేమో యొక పొంగు వచ్చినది. వెనుక కూర్చున్న నగల వర్తకునితో ఏదో చెప్పవలెననిపించి, నవ్వుచు వెనుకకు తిరిగితిమి. చేతితోపాటు గొట్టమును తిరిగెను.

"సార్, కదలకండి. పిస్టల్ కింద పెట్టండి."

ఆమె గొంతు హెచ్చలేదు. కాని ఆ గదిలో నున్న పదిమందియు నిశ్శబ్దులైరి. పిస్తోలును బల్లపై నుంచితిమి. ఆమె దానిని గైకొని, మరల పరీక్షించి, దూరముగా నుంచి, "ఈ పూటకి మీరు వెనక కూర్చోండి సార్. చూసి నేర్చుకోండి" అనెను. "అమ్మా, అది ఖాళీదే గదా" అంటిమి. "మొదటి సూత్రం ఏమిటి సార్?" అనెను. దానికి మాయొద్ద ప్రత్యుత్తరము లేకపోయెను. ముప్పదియేండ్లుగా సంపాదకీయములు వ్రాసి మంత్రులకు బుద్ధిచెప్పిన మేము ఒక పూటంతయు వెనుక బెంచీపై కూర్చుంటిమి. ఆ నగల వర్తకుడు మావైపు చూడకుండ మర్యాద పాటించెను. ఆయన ఛాతీవైపే ఆ గొట్టము మఱలినది. ఖాళీదే. కాని మేము తిరిగినప్పుడు అది ఖాళీదని తలచుకొని తిరుగలేదు. అసలేమియు తలపకయే తిరిగితిమి. మమ్ము ఆనాటికిని నేటికిని బాధించుచున్న సంగతి యదియే.

మధ్యాహ్నము మరల అవకాశ మిచ్చిరి. గురి చూచు విద్య అప్పుడు మొదలైనది. ద్రోణాచార్యుని పరీక్షలో అర్జునునకు పక్షి శిరస్సు తప్ప మఱేమియు కనబడలేదని చిన్ననాటనుండి విన్నాము గదా! ఆ పాఠముతోనే నల్లని గుండ్రని గురిని తదేకముగా చూచితిమి. శిక్షకురాలు తప్పనెను. పిస్తోలు వెనుకభాగమున చిన్న గాడి యున్నది. గొట్టము కొనయందు చిన్న దిమ్మె యున్నది. గాడిలో దిమ్మె నడుమ నిలిచి, రెండువైపుల సమానమైన వెలుతురు కనబడవలెను. దిమ్మె తల గాడి అంచుతో సమముగా నుండవలెను. కన్ను ఆ దిమ్మెపై నిలువవలెను. దూరముననున్న గురి మసకగా కనబడినను చింతలేదు, కనబడుటయే సరియైనది. మనుష్యుని కన్ను దగ్గఱిదానిని దూరపుదానిని ఒకేసారి స్పష్టముగా చూడలేదు గనుక, రెంటిలో దేనిని వదలుకొనవలెనో ముందే తెలిసికొనవలెను.

ఇదేల యని మేము కాగితముపై లెక్క వేసి చూచితిమి. గాడికిని దిమ్మెకును నడుమ 15 సెంటీమీటర్ల దూరమున్నదనుకొందము. దిమ్మె గాడిలో అర మిల్లీమీటరు ప్రక్కకు జరిగినచో, 10 మీటర్ల దూరమున తూటా 33 మిల్లీమీటర్లు తప్పిపోవును. 25 మీటర్ల దూరమున 8 సెంటీమీటర్లకు పైగా తప్పిపోవును. అట్లుగాక, గాడియు దిమ్మెయు సరిగానే యుండి చేయి మొత్తముగా అర మిల్లీమీటరు ప్రక్కకు జరిగినచో, తూటాయు అర మిల్లీమీటరే జరుగును. కనుక చేయి వణకుట చిన్న దోషము; చేతిలోని దానిని చూడకపోవుట పెద్ద దోషము. శత్రువును చూచుచు తన్ను తాను మఱచినవాడు రెండువిధముల గురి తప్పును. ఈ లెక్కను రాజకీయములకు గూడ అన్వయించుకొనవచ్చునని మాకు తోచినది గాని, అది నేటి విషయము కాదు.

మూడవ దినమున తూటాలతో పేల్చితిమి. మొదటి అయిదింటిలో నాలుగు గుఱికి దిగువగా ఎడమవైపున పడెను. పిస్తోలులో లోపమేమో యంటిమి. ఆమె నవ్వి, ఈమాఱు తానే మాగజీను నింపి యిచ్చెను. మేమెఱుగకుండ నిజమైన తూటాల నడుమ ఉత్తుత్తి తూటా లుంచినది. మూడవసారి ట్రిగ్గరు నొక్కితిమి. శబ్దము రాలేదు. కాని పిస్తోలు మూతి దిగ్గున క్రిందికి వంగినది! పేలుడు లేదు, వెనుకకు తన్ను లేదు. అయినను మా చేయి వంగినది. రానున్న శబ్దమునకు భయపడి మా శరీరము ముందుగానే ముడుచుకొనుచున్నదని అప్పుడు కన్నులార చూచితిమి. భయము గురిని చెఱచుచున్నది. ఆ భయమును ఇంతవఱకు శబ్దము కప్పిపెట్టినది. ఆయుధము చేతికి వచ్చినచో ధైర్యము వచ్చునని తలచితిమి. ఆయుధము మా భయమును మాకు చూపిపెట్టినది. అంతే.

ఆ భయమునకు మందు ఉన్నది. ట్రిగ్గరును గుంజక, కొంచెము కొంచెముగా వెనుకకు నొక్కుచుండవలెను. ఏ క్షణమున పేలునో తనకే తెలియకుండ నొక్కవలెను. శ్వాస నిలుపగలిగినంతసేపు మాత్రమే గురి పట్టవలెను. అంతలో కుదరనిచో పిస్తోలు దించవలెను. ఈ దించుట యనునది వినుటకు సులభము. చేయి చాచి, కన్ను పెట్టి, సగము నొక్కిన తరువాత దించుటకు మనస్సొప్పదు. "ఇంతదాక వచ్చినాము గదా, కానిమ్ము" అనిపించును. మేము వృథాచేసిన తూటాలలో సగము ఆ "కానిమ్ము" వలన పోయినవే. పేలకుండ నిలిచిపోయిన తూటా యున్నచో గొట్టమును గురివైపే యుంచి అర నిమిషము వేచియుండవలెనని గూడ నేర్పిరి, ఆలస్యముగా పేలవచ్చును. పని ముగిసిన తరువాత సీసపు ధూళి పోవునట్లు చేతులు కడుగుకొని గాని మంచినీళ్ళు ముట్టరాదనిరి.

ఒలింపికు పతకములను గుఱించి మనము గర్వించుచున్నాము, గర్వింపవలసినదే. 2008లో బీజింగున అభినవ్ బింద్రా బంగారు పతకము, 2012లో లండనున 25 మీటర్ల పిస్తోలు పోటీలో విజయకుమారు రజతము, హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగు కాంస్యము, 2024లో పారిసున మనూ భాకరు పిస్తోలుతోనే రెండు కాంస్యములు. మన హైదరాబాదు బాలిక ఈషా సింగు 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలయందు నాలుగు పతకములు తెచ్చినది. ఈ బాలబాలికలు చేయుచున్న పని యేమి? పది మీటర్ల దూరమున, 11.5 మిల్లీమీటర్ల వెడల్పుగల చుట్టులో, ఎయిరు పిస్తోలుతో సీసపు గుండు వేయుట. అర్హతా పోటీలో 60 గుండ్లకు 75 నిమిషములు. చూచుచున్నవారికి విసుగు పుట్టునంతగా వారు చేయి యెత్తుదురు, దించుదురు, మరల ఎత్తుదురు. దించిన ప్రతిమాఱును వారొక చెడ్డ గుండును ఆపుకొన్నారని మాకీ మూడు దినముల తరువాత తెలిసినది. పతకము వేసిన గుండ్లకు వచ్చును. ఆ గుండ్లు ఆపిన గుండ్లవలన వచ్చును.

ఇక మన పెద్దల కోరికను గుఱించి. గాంధీమహాత్ముని పదునొకండు కోరికలలోని ఆ వాక్యమును మేమింతకాలము సగమే చదివితిమి. లైసెన్సులు ప్రజల అదుపునకు లోబడియుండవలెనని ఆయన అక్కడనే చేర్చెను. కరాచీ తీర్మానమును నియమములకు, కట్టుబాట్లకు లోబడియే ఆ హక్కును చెప్పినది. 1948 డిసెంబరులో రాజ్యాంగ సభయందు హెచ్. వి. కామత్ ఆయుధధారణమును ప్రాథమిక హక్కుగా చేర్పవలెనని సవరణ ప్రతిపాదించెను. సభ అంగీకరింపలేదు. దేశవిభజనపు నెత్తురు ఆఱని కాలమది. పరప్రభుత్వమును నిందించుట కుపయోగించిన వాదమును స్వప్రభుత్వము వచ్చినంతనే మఱచిరని కొందఱు ఆక్షేపింతురు. మేమును ఒకప్పుడట్లే వ్రాసితిమి. నేడు వేఱుగా తలచుచున్నాము. 1878 నాటి శాసనమునందలి అన్యాయము లైసెన్సు అడుగుట కాదు. ఒక జాతినే నమ్మరాని జాతిగా నెంచి, వేఱొక జాతికి ఆ పరీక్షయే లేకుండ చేయుట. ఒక పౌరుని, ప్రక్క పౌరుని భద్రతకొఱకు, ఒకే సూత్రముతో పరీక్షించుట అవమానము కాదు. ఆ బాలిక మా చేతినుండి పిస్తోలు తీసికొన్నప్పుడు మాకు కలిగినది సిగ్గు, అవమానము కాదు. రెంటికిని భేదమున్నది.

కాని ఎదుటివాదమును దాచరాదు. తోటలో ఒంటరిగా నున్న రైతుకు, నగలతో రాత్రివేళ ప్రయాణము చేయు వర్తకునకు, బెదరింపులకు గురియైన స్త్రీకి పోలీసు వచ్చువఱకు దిక్కెవ్వరని మా తమ్ముడడిగెను. న్యాయమైన ప్రశ్న. అట్టివారికి లైసెన్సు వలదని మేమనము. మేమడుగునది ఒక్కటే: మూడు దినములు వెలుతురులో, కదలని కాగితముపై, ఎవ్వరు తఱుమకుండగా పేల్చిన మాకు పదిలో నాలుగైదు గుండ్లే గురిలో పడెను. అర్ధరాత్రి, నిద్రమత్తులో, గుండె దడదడలాడుచుండగా, ఎదుట నున్నది దొంగయో, నీళ్ళకు లేచిన కోడలో తెలియని చీకటిలో ఏమి కాగలదు? గురికి వెనుక నేమున్నదో యెఱుగవలెనను నాలుగవ సూత్రము ఇంటిలో ఎట్లు నెఱవేఱును? ఇంటిలో ప్రతి గోడకు వెనుకను మనవారే యుందురు. పైగా పెట్టెలోని ఆయుధము దొంగకొఱకే వేచియుండదు. ఇంటివాని కోపమునకును, ఇంటిలోనివారి నిరాశకును అది చేరువలోనే యుండును.

పెండ్లి ఊరేగింపులలో గాలిలోనికి పేల్చు వేడుకను గుఱించి వేఱుగ చెప్పనక్కఱలేదు. చిన్న .22 తూటాయే మైలు దూరము దాటి పోగలదు. పైకి పోయినది క్రిందికి రాక మానదు. 2019 నాటి చట్టసవరణ ఇట్టి పేల్చుటను నేరముగా పేర్కొని రెండేండ్ల వఱకు ఖైదును, లక్ష రూపాయల వఱకు జరిమానాను, లేక రెంటిని విధించినది. ఒకనికి మూడు ఆయుధముల వఱకు ఉండవచ్చునను పూర్వపు పరిమితిని రెంటికి తగ్గించినదియు ఆ సవరణయే. చట్టము చేయగలిగినది చేసినది. తక్కినది గృహస్థుడు చేయవలసినది.

ధ్రువపత్రము మా చేతికి వచ్చినది. దానిని తీసికొని ఇంటికి వచ్చిన రాత్రి మా తల్లిగారి మంచము ప్రక్కను కూర్చుండి ఆ బెంచీ కథ చెప్పితిమి. ఆమె నవ్వి, "మీ నాన్నగారికి ఆ పిల్లలాంటిది ఒకతి దొరికి ఉంటే బావుండేది" అనిరి. మఱునాడు తమ్మునితో మాటాడితిమి. ఒక గంట వాదించెను. తుదకు, "నీ చెయ్యే నీకు నమ్మకం లేదంటే నేనేమంటాను అన్నయ్యా" అనెను. ఆ మాట ములుకువలె నాటినది; కాని అది సత్యము. మా తండ్రిగారి రివాల్వరును ఆ వ్యాపారికే చట్టప్రకారము విక్రయించితిమి. ఆయన గుర్తుగా ఆ పాత రసీదుల కట్టను ఉంచుకొంటిమి. ఎన్నికల కొకటిగా, తేదీలతో, ఠాణా ముద్రలతో, ఒక్కటియు పోకుండ ఆయన దాచిన కట్ట అది. ఆయుధమును మోయుటకంటె అప్పగించుటలో ఆయన ఎంత శ్రద్ధ చూపిరో ఆ కట్ట చెప్పుచున్నది. మేము వారసత్వముగా పొందదగినది అదియే యని నమ్ముచున్నాము.

మనుమని ప్రశ్నకు ప్రత్యుత్తరము మిగిలినది. విజయదశమినాడు వానిని జమ్మిచెట్టుకడకు తీసికొనిపోయి పాండవుల కథ చెప్పితిమి. అజ్ఞాతవాసమునకు ముందు వారు గాండీవాదులను మూటగట్టి, ఊరి వెలుపల శ్మశానమున, చెట్టుపై నెత్తున, శవమువలె భ్రమగొలుపునట్లు కట్టి దాచిరి. ఏడాదియంతయు ముట్టలేదు. కీచకుని చేత ద్రౌపది పరాభవము నొందినప్పుడు సైతము ఆ మూట విప్పలేదు. మనము ఆ చెట్టునకు ప్రదక్షిణము చేయుచున్నాము గాని, అది ఆయుధమును ధరించిన చోటు మాత్రమే కాదనియు, ఏడాది ఆపుకొనిన చోటనియు మఱచుచున్నాము. వాడు కొంతసేపాలోచించి, "అయితే నాకు నేర్పిస్తావా?" అనెను. నేర్పింతుమని మాట యిచ్చితిమి.

ఆ మాటను నిలుపుకొనుటకు మీ సహాయము కావలెను. పరిమితమైన శక్తిగల 4.5 మిల్లీమీటర్ల ఎయిరు పిస్తోలునకు తుపాకి లైసెన్సు అక్కఱలేదు. కాని దానికిని ఆ నాలుగు సూత్రములే వర్తించును. కన్ను పోగొట్టుటకు సీసపు గుండు చాలును. పది మీటర్ల నిడివి, గట్టి గోడ, గుండ్లు పట్టు పెట్టె, మంచి వెలుతురు, అన్నిటికంటె ముఖ్యముగా కఠినమైన శిక్షకుడో శిక్షకురాలో యుండవలెను. మన పట్టణపు ఉన్నత పాఠశాలలో వాడుకలేక పడియున్న పొడుగు గది యొకటి యున్నది. పురపాలకులు, పాఠశాలాధికారులు, ఈ సభలోని వర్తక మహాశయులు కలిసినచో అది అసాధ్యమైన పని కాదు. మన పిల్లలలో ఒక ఈషా సింగు పుట్టునా యనునది మా చేతిలో లేదు. చేయి చాచి, కన్ను పెట్టి, కుదరనప్పుడు దించగల నూఱుమంది పిల్లలు మాత్రము తప్పక తయారగుదురు. వారు పెద్దవారై ఏ యధికారమును చేతబట్టినను, లాఠీ గాని, కలము గాని, ఓటు గాని, ఆ దించుట వారికి అక్కఱకు వచ్చును.

ఇంతకాలము పరులు మన చేతులు గట్టిరని దుఃఖించితిమి. ఆ కట్లు విడిపోయినవి. ఇప్పుడు మన చేతిని మనమే పట్టి నిలుపుకొనవలెను. ఆయుధవిద్యలో మొదటి పాఠము అదియే; దానిని వెనుక బెంచీపై కూర్చుండి నేర్చిన మేము, మీకు ముందు వరుసలోనే వినిపింపగలిగినందుకు సంతసించుచు విరమించుచున్నాము.